టిప్పరు లారీయు, ఒక యిల్లాలి లెక్కపుస్తకమును

స్త్రీలు ఇంటిపట్టున నుండి చేసికొనదగిన పనులను గూర్చి యిట్టి పత్రికలలో తఱచుగ వ్రాయుచుందురు. కుట్టుపని, అప్పడములు, ఊరగాయలు, పిల్లలకు చదువు చెప్పుట, ఇవి యందఱకును తెలిసినవే. మేము నేడు వ్రాయబూనినది కంకరయు నిసుకయు మోయు లారీని గూర్చి. సోదరీమణులు నవ్వుకొందురేమో! రెండేండ్ల క్రిందట నెవరైన నీ మాట యన్నచో మేమును నవ్వియే యుందుము.

మా పినతల్లి కుమార్తె రాజమహేంద్రవరమునకు సమీపమున నొక గ్రామమున నున్నది. ఆమె భర్త తన స్వంత టిప్పరును తానే నడుపుకొనుచు, గోదావరి రేవులనుండి యిసుకను, క్వారీలనుండి కంకరను చేరవేయుచుండెడివాడు. ఒకనాటి రాత్రి గుండెపోటు వచ్చి, తెల్లవాఱునప్పటికి కాలధర్మము నొందెను. చెల్లెలికి ముప్పదిరెండేండ్లు. ఇద్దఱు చిన్నపిల్లలు. లారీమీది యప్పునకు నెలకు 62,000 రూపాయల చొప్పున నింకను 36 వాయిదాలు మిగిలియున్నవి. పదునొకండవనాడు బంధువులందఱు కూడి, ఆడుదానికి లారీ యేల, వచ్చిన ధరకు అమ్మివేయవలసినదని తీర్మానించిరి. వచ్చిన ధర యేమని మేము విచారింపగా, అప్పు పోను చేతికి ముట్టునది లక్షరూపాయలైనను లేదు. కొనెదనన్నవాడు ఆ సభలోనే కూర్చుండియుండెను!

చెల్లెలు మా చెంతకు వచ్చి, "అక్కయ్యా, ఆయన లెక్కలు నేనే వ్రాసేదాన్ని. బండి నష్టంలో లేదు" అని మాత్రము మెల్లగా ననెను. ఆ రాత్రి ఆ పుస్తకమును ఆసాంతము చదివితిమి. ద్రౌపది సత్యభామతో, పాండవుల బొక్కసపు రాబడియు వ్యయమును తానొక్కతెయే యెఱుగుదునని చెప్పుట మహాభారత అరణ్యపర్వమున నున్నది. దానిని మేము చిన్ననాడు పతివ్రతాధర్మముగ మాత్రమే చదువుకొంటిమి. ఆ రాత్రి వేఱొక యర్థము తోచినది.

ఇచ్చట గృహిణులెల్లరు నెఱుగవలసిన చట్టవిషయ మొకటి కలదు. బండి యజమాని మరణించినచో, బండి యెవరి స్వాధీనమునకు వచ్చినదో వారు 30 దినములలోపల రవాణాశాఖ కార్యాలయమునకు ఆ సంగతియు, బండిని తాము వాడుకొనదలచిన సంగతియు తెలియజేయవలెను. అట్లు చేసినచో మరణదినము మొదలు 3 నెలలపాటు తమదియే యైనట్లు వాడుకొనవచ్చును. ఆ గడువులోనే 31వ నమూనా పత్రముమీద తమపేర మార్చుకొనుటకు దరఖాస్తు పెట్టవలెను. ఇది 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 56వది. పర్మిట్టు విషయమున 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 82వ సెక్షనులో నిట్టి యేర్పాటే కలదు. బీమాయు యజమాని పోగానే తెగిపోదు. మూడు నెలలవఱకో, గడువు తీరువఱకో, ఏది ముందైన నంతవఱకు నిలుచును. ఏడ్చుచు కూర్చున్న యింట నెల దినములు ఎట్లు గడచునో మనమెఱుగనిది కాదు. మేము చెల్లెలిని వెంటబెట్టుకొని యా కార్యాలయపు మెట్లెక్కినది యిరువదిరెండవ నాడు. వాకిలి దాటరాదని పెద్దలు గొణిగిరి. చట్టమునకు మైల లేదని మేము బదులు చెప్పితిమి.

ఇక బండి మాట. దానిది పది టైర్ల బండి. ముందు రెండు, వెనుక రెండిరుసులకు ఎనిమిది. ఇంజనునుండియే శక్తి తీసికొని యొక పంపు నూనెను నెట్టగా, ఆ నూనె యొత్తిడికి ఉక్కుస్తంభము సాగి, తొట్టిని ముందువైపునుండి పైకెత్తును. వెనుక తలుపు తెఱచుకొని సరకు జాఱిపోవును. చూచుటకు వేడుకగ నుండును గాని ప్రమాదమంతయు నక్కడనే. నేల యొకప్రక్కకు వాలియున్నను, తడిసిన మట్టి తొట్టిలో నొకప్రక్క నంటుకొనియున్నను, పైకి లేచిన బరువు బండినే ప్రక్కకు పడద్రోయును. తలపైని విద్యుత్తు తీగ తగిలినచో ప్రాణహాని. ఎత్తిన తొట్టిక్రింద, ఆధారముగ నినుపదూలము నిలుపక చేయిపెట్టరాదు. చెల్లెలు పెట్టిన డ్రైవరుకు మొదటి కట్టడ లివియే. ఎత్తిన తొట్టితో బండి నొక యడుగైన కదలింపరాదన్నది మఱియొకటి.

అన్నిటికంటె చిక్కయినది బరువు. 2018లో కేంద్రప్రభుత్వము హద్దులను పెంచిన పిమ్మట నిట్టి మూడిరుసుల బండి సరకుతోగూడ 28.5 టన్నులు తూగవచ్చును. అంతకుముందు హద్దు 25 టన్నులు. వట్టిబండియే 10, 11 టన్నులుండును గనుక సరకునకు మిగులునది 17, 18 టన్నులు. దీని తొట్టియో 16 ఘనమీటర్లది. ఇసుక ఘనమీటరునకు సుమారు 1.6 టన్నులు తూగును. అంచువఱకు నింపితిమా, 25 టన్నులు దాటును. తడియిసుకయైన నింకను హెచ్చు. అనగా నిండిన తొట్టియే నేరము! న్యాయముగ తోలిన బండిలో మూడవవంతు వెలితిగ గనబడును. ఇల్లు కట్టుకొనువారు దానిని చూచి, కొలత తక్కువైనదని పేచీకి దిగుదురు. అందుచే చెల్లెలు ప్రతి ట్రిప్పునకు కాటాచీటి జతపఱచి పంపును. 100 ఘనపుటడుగుల యూనిట్టు సుమారు 4.5 టన్నులనియు, నాలుగు యూనిట్లకు 18 టన్నులగుననియు లెక్క చూపును. 2019 నాటి సవరణచట్టము ప్రకారము హద్దు మీఱినచో 20,000 రూపాయలు జరిమానా, మీఱిన ప్రతి టన్నునకు 2,000 అదనము.

ఆంధ్రప్రదేశములో 2024 జూలైలో ఉచిత యిసుక విధానము వచ్చినది. ఇసుక యుచితమైన బాడుగ యేల యని యడుగు పెద్దమనుషులు నేటికిని కలరు. డీజిలు ఉచితముగ వచ్చునా? రేవు నలువది కిలోమీటర్ల దూరముననున్నచో పోవుట, వచ్చుట యెనుబది. బండి లీటరునకు మూడున్నర కిలోమీటర్లు నడచినచో 23 లీటర్లు కావలెను. ఆమె పుస్తకములో లీటరు 97 రూపాయలని యున్నది. అనగా డీజిలుకే 2,231 రూపాయలు. రేవున వరుసలో నిలిచిన గంటలకు వెల కట్టువారు లేరు. క్వారీదారిలో రాయి కొఱికి టైర్లు వేగముగ నఱుగును. వెనుకటైర్లకు మరల రబ్బరు వేయించుకొనవచ్చును గాని, ముందువాటికి చెల్లెలు ఒప్పుకొనదు. క్రొత్తవే వేయించును.

నదిలో వఱద వచ్చు మాసములలో ఇసుక త్రవ్వకము నిలిచిపోవును. వాయిదా మాత్రము నిలువదు. అందుచే ప్రతి ట్రిప్పునుండియు 500 రూపాయలు తీసి, ఆమె వేఱుగ నొక ఖాతాలో వేయును. దానికి వానఖాతా యని పేరు. నెలకు 50 ట్రిప్పులైన, ఎనిమిది నెలలకు రెండు లక్షలు. మూడు వాయిదాలకు చాలి, కొంత మిగులును. ఆదాయపుపన్ను విషయమున, పదింటికి మించని లారీలు గల చిన్న యజమానులకు, బరువుబండి యైనచో టన్నునకు నెలకు 1,000 రూపాయల చొప్పున లాభమని లెక్కగట్టు సులభపద్ధతి యున్నది. ఆమె బండికి నెలకు 28,500. వానకు బండి ఖాళీగ నిలిచిన నెలలును ఇందులో జమ యగునన్నది గమనింపదగినది.

ఈ వ్యాపారము చెడునది సరకు లేక కాదు, బాకీలవలన. డీజిలు నగదుకు, బాడుగ మాత్రము రెండు నెలలకు! ఇల్లు కట్టుకొనువారు దింపినవెంటనే యిత్తురు. కంట్రాక్టర్ల చేతిలో మాత్రము సొమ్ము చిక్కుకొనును. పది ట్రిప్పులకు మించి యెవరివద్దను బాకీ నిలువరాదని చెల్లెలు నియమము పెట్టుకొన్నది. డ్రైవరుకు నెలజీతము, దినబత్తెము. ట్రిప్పునకింత యని యిచ్చుట మానివేసినది. అట్లిచ్చినచో నెవడైనను తొందరపడి తోలుననియు, రహదారిమీద పిల్లలు పోవుచుందురనియు నామె భయము. ఇందువలన ట్రిప్పులు కొన్ని తగ్గినవి. మాకును అది సరియనియే తోచినది గాని, ఆ నెలల లెక్క చూచినప్పుడు మనస్సు కలుక్కుమన్న మాట దాచనేల?

గడచిన వేసవిలో రోడ్డుపని చేయించు నొక గుత్తదారు, అంచుమీద కుప్పగ పోసి తెచ్చినచో నిత్యము నాలుగు ట్రిప్పుల పని యిత్తుననియు, బాడుగ ఆరోజునకారోజే ముట్టజెప్పుదుననియు కబురంపెను. ఇంట పెద్దపిల్లకు బడిజీతము కట్టవలసిన వారము. డ్రైవరుసైతము, "అందఱూ అలాగే తోలుతున్నారమ్మా" అని నసిగెను. చెల్లెలు రాత్రి తొమ్మిదింటికి మాకు ఫోను చేసినది. మాకేమి చెప్పుటకును నోరాడలేదు. ఆ నాలుగు ట్రిప్పులు ముప్పది దినములు నడచినచో రెండు వాయిదాలు తీరును. ఆమెయే కొంతసేపు మౌనముగ నుండి, "ఆ బరువుతో బ్రేకు పట్టకపోతే ఎదురొచ్చేవాడి ఇంట్లోనూ నాలాంటిదే ఉంటుంది గదా అక్కయ్యా" అని ఫోను పెట్టివేసెను.

ఆ గుత్తదారు మఱి పిలువలేదు. పదునేడు దినములు బండి సగము పనితో నడచినది. బడిజీతము వానఖాతానుండి పోయినది. శ్రావణమున ఆ ఖాతా నింపుటకు ఆమె పడిన పాట్లు ఆ పుస్తకములో ఎఱ్ఱసిరాతో వ్రాయబడి యున్నవి. ఇంకను 14 వాయిదాలు కలవు. మొన్న మేము పోయినప్పుడు బండి కడిగి నీడన నిలిపియుండగా, చిన్నవాడు ముందుచక్రమువద్ద కూర్చుండి టైరు గాడులలో నిఱికిన రాళ్లను మేకుతో పెకలించి తీయుచుండెను. చెల్లెలు వానిని కోప్పడి లేపి, తాను కూర్చుండి మిగిలినవాటిని తీసినది.