కొడవలి పట్టే ముందు... ఆ వారం రోజులు!

శరత్తు అంటే అందరికీ పండువెన్నెల. వరి రైతుకు మాత్రం గుండెల్లో గుబులు!

'వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక' అన్నారు పెద్దలు. నవంబరు వచ్చిందంటే గోదావరి డెల్టాలో ఏ పల్లెకెళ్లినా ఈ మాట వినపడాల్సిందే. చేలన్నీ బంగారు రంగు తిరిగి ఉంటాయి. టీ కొట్టు దగ్గర పేపరు తిరగేసేవాళ్లు ముందు వెతికేది రాజకీయాలు కాదు... బంగాళాఖాతంలో అల్పపీడనం ఏమైనా ఉందా అని!

ఎందుకంత ఆత్రం? స్వర్ణ లాంటి 150 రోజుల రకాలు కోతకొచ్చేది అప్పుడే. సముద్రంలో తుపాన్లు పుట్టేదీ అప్పుడే. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన, 1996 నవంబరు 6న కోనసీమను కుదిపేసిన తుపాను, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్, 2025 అక్టోబరు 28న వచ్చిన మొంథా... అన్నీ ఈ మూడు నెలల్లోవే.

కుప్ప పడితేనే నిద్ర

చేత్తో కోసిన వరి పనల మీద నాలుగైదు రోజులు ఆరాలి. తర్వాత కట్టలు కట్టి కుప్ప వెయ్యాలి. అంటే కొడవలి పట్టిన రోజు నుంచి దాదాపు వారం రోజులు ఎండ కాయాలి. మధ్యలో వాన పడిందా... పనలు నానిపోతాయి. గింజ మొలకెత్తుతుంది, రంగు మారుతుంది. పోనీ యంత్రంతో కోయిస్తే? ఒక్క పూటలో ధాన్యం చేతికొస్తుంది. కానీ కొనుగోలు నిబంధన ప్రకారం తేమ 17 శాతం మించకూడదు. కళ్లంలోనో రోడ్డు మీదో ఆరబోయాలి. దానికీ ఎండే కావాలి! పంట తడిస్తే కౌలు రైతుకు మరీ కష్టం. చేతికి గింజ రాకపోయినా కౌలు కట్టక తప్పదు కదా!

కార్తె నుంచి సెల్‌ఫోన్‌కి

పూర్వం స్వాతి, విశాఖ, అనూరాధ కార్తెలే లెక్క. ఒక్కో కార్తె 13, 14 రోజులు. కాలం తీరు తెలుస్తుంది కానీ, మంగళవారం వానో ఎండో తెలియదు. ఆ తర్వాత రేడియో వచ్చినా జిల్లా మొత్తానికి ఒకటే కబురు. 2024 అక్టోబరులో వాతావరణ శాఖ, పంచాయతీరాజ్ శాఖ కలిసి గ్రామ పంచాయతీల వారీగా సూచనలివ్వడం మొదలుపెట్టాయి. రాబోయే ఐదు రోజుల వాన, ఎండ, గాలి, మబ్బు వివరాలు 'మేరీ పంచాయత్' యాప్‌లో చూడొచ్చు.

మాటల వెనక లెక్క

సూచన చూడటమే కాదు, అర్థం చేసుకోవడమూ ముఖ్యమే. 'ఒకటి రెండు చోట్ల' అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని. 'చాలా చోట్ల' అంటే సగానికి పైనే. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆపైన. పనలు తడిసిపోవడానికి అంత అక్కర్లేదు, మోస్తరు వాన చాలు! గాలి వేగం గంటకు 31 కిలోమీటర్లకు చేరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది. 62 దాటితే తుపానే.

ఇంకో సంగతి. రేపటి సూచనను నమ్మినంతగా ఐదో రోజు సూచనను నమ్మలేం. అందుకే సోమవారం చూసి వదిలేయకుండా రోజూ చూసుకోవాలి.

వాన తప్పదని తెలిస్తే ఏం చేయాలి? కోయనివాళ్లు కోత ఆపి, నీరు బయటికి పోయేలా గట్లకు గండ్లు పెట్టుకోవాలి. పనలు ఆరినవాళ్లు వెంటనే కుప్ప వేసుకోవాలి. ధాన్యం రాశుల మీద బరకాలు కప్పుకోవాలి. అప్పటికే తడిసిన కంకులు మొలకెత్తకుండా 5 శాతం ఉప్పు ద్రావణం... అంటే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేయాలి.

వానను ఎవరూ ఆపలేరు. కానీ వాన కన్నా ఒక్క రోజు ముందు కుప్ప పడితే చాలు... ఆ ఇంట సంక్రాంతి ఉన్నట్టే!