కాలువ వంతు, ఇంటర్నెట్టు వంతు



కోనసీమ పెద్దలకు కాలువనీటి పంపకమును గూర్చి నేను క్రొత్తగా చెప్పవలసినది లేదు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు ఈ సీమ వ్యవసాయము ఆ నీటినే నమ్ముకొనియున్నది. ఇంటర్నెట్టు విషయమున న్యాయమెట్టిదో ఆ పంపకమును బట్టియే తెలిసికొనవచ్చును.

నెట్టులో బొమ్మయైనను, ఉత్తరమైనను చిన్నచిన్న మూటలుగా విడిపోయి ప్రయాణము చేయును. సాయంకాలమున అందరును ఒక్కమారే చలనచిత్రములు చూడసాగినచో దారి క్రిక్కిరియును. అప్పుడు కంపెనీవారు, ఆలస్యమునకు తాళని సంభాషణలను ముందు పంపి, పెద్ద దస్త్రములను కొంతసేపు నిలుపుదురు. అది దోషము కాదు. నీటి యెద్దడిలో వంతులు వేయుట వంటిది. కాని ధనమిచ్చినవాని పొలమునకు తూము తెరచి, శివారు రైతునకు మూసినచో దానిని వంతు అందుమా? అట్టి పక్షపాతము కూడదనుటయే నెట్టు తటస్థత.

ఇది మన రాష్ట్రమునకు ఎరుగని సంగతి కాదు. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్కు సంస్థ రిలయన్సు కమ్యూనికేషన్సుతో కలిసి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణములతో సహా ఆరు రాష్ట్రములలో కొన్ని ఎంచిన సైట్లను మాత్రము ఉచితముగా చూపసాగెను. ఏమియు లేనిదానికంటె ఇది బీదలకు మేలుకదా యని కొందరు వాదించిరి. ఆ మాటను తేలికగా త్రోసివేయరాదు. అయినను, అంబాజీపేట కొబ్బరి వర్తకుడొకడు తన ధరలను నెట్టులో నుంచినాడనుకొందము. ఎంచిన పట్టికలో అతని పేరు లేనిచో, ఉచితముగా చూచువారికి అతని అంగడియే కనబడదు. బాట వేసినవాడే బేరమును గూడ నిర్ణయించినట్లగును.

కావుననే టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయి, 2016 ఫిబ్రవరి 8వ తేదీన సైటును బట్టి ధర మార్చుటను నిషేధించెను. తప్పినవారికి దినమునకు 50,000 రూపాయల చొప్పున 50 లక్షలవరకు జరిమానా. అత్యవసర సేవలకు మాత్రము మినహాయింపు. పిమ్మట 2018లో కేంద్ర ప్రభుత్వము, ఒకరి సమాచారమును అడ్డగించుట, మందగింపజేయుట, మరియొకరిదానికి అధిక వేగమిచ్చుట కూడదని నియమించెను. రద్దీని సర్దుటకు చేయు ఏర్పాటు అవసరమైనంతమాత్రమే, తాత్కాలికముగ, బహిరంగముగ నుండవలెను.

2022 మే నెలలో కోనసీమలో నెట్టు నిలిచిన సంగతి వేరు. అది ప్రభుత్వాజ్ఞ, కాలువనే కట్టివేయుట వంటిది.

ఇకమీదట మీ యింట నెట్టు మందగించినచో, ముందు దినపు కోటా ముగిసినదేమో చూడుడు. అన్నియు మందగించినచో రద్దీ కావచ్చును. ఒక్కటియే పలుమార్లు మందగించినచో ఆ సైటులోనే లోపముండవచ్చును. అయినను కంపెనీని కారణమడుగుడు. తూమువద్ద నిలిచి నా వంతేదని యడుగుట మనకు క్రొత్త కాదు గదా!