రికార్డు గాడిలో భౌతికశాస్త్రం

తిరిగే బిళ్ళ మీది సన్నని గాడిని వజ్రపు మొనతో తడిమి, దాని వంపులను విద్యుత్తుగా మార్చే యంత్రమే టర్న్‌టేబుల్. తెలుగు ఇళ్ళలో దీనికి రికార్డ్ ప్లేయరు అన్న పేరే వాడుక. క్యాసెట్లు, సీడీలు, సెల్‌ఫోన్లు వచ్చాక అటకెక్కిన ఈ యంత్రాలను దించి, బాగుచేసి, పాత రికార్డులు వినడం ఇప్పుడు చాలామందికి అభిరుచిగా మారింది. గతం మీది మమకారం ఈ అభిరుచికి తొలి ప్రేరణ కావచ్చు గాని, అందులోని ఆనందం నిలిచేది గాడికీ ముల్లుకీ పళ్ళేనికీ మధ్య జరిగే పని అర్థమైనప్పుడే. ఎందుకంటే సరిగా అమర్చని ఖరీదైన యంత్రం కన్నా సరిగా అమర్చిన సాధారణ యంత్రమే మేలైన ధ్వనిని ఇస్తుంది.

లక్క నుంచి వినైల్‌కు

1877లో ఎడిసన్ తయారుచేసిన ఫోనోగ్రాఫ్ స్తూపం మీద ధ్వనిని నమోదు చేయగా, 1887లో ఎమిల్ బెర్లినర్ పేటెంటు కోరిన గ్రామఫోను బల్లపరుపు బిళ్ళకు దారితీసింది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ బిళ్ళలను లక్కలో ఖనిజపు పొడి కలిపి అచ్చుపోసేవారు. అందుకు కావలసిన లక్కలో అధికభాగం భారతదేశం నుంచే ఎగుమతి అయ్యేది. 1902లో గ్రామఫోన్ కంపెనీ తరఫున ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ తదితరుల గానాన్ని నమోదు చేశాడు. పది అంగుళాల 78 రికార్డులో ఒక్కొక్క పక్క సుమారు మూడు నిమిషాలే పట్టేది కాబట్టి, రాగాన్ని తీరిగ్గా సాగదీసే నాటకపద్యాలను సైతం ఆ వ్యవధిలో ఇమిడేలా కుదించి పాడవలసి వచ్చింది.

1948లో అమెరికాలోని కొలంబియా సంస్థ నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే లాంగ్ ప్లే రికార్డును, అంటే ఎల్పీని, వినైల్ ప్లాస్టిక్‌తో విడుదల చేయడంతో ఒక్కొక్క పక్క 20 నిమిషాలకు పైగా సంగీతం పట్టింది. అయినా భారతదేశంలో 78 రికార్డులు ఆ తరువాత కూడా చాలాకాలం వెలువడుతూనే ఉన్నాయి. అందువల్లనే ఘంటసాల పాడిన పుష్పవిలాపం 78 రికార్డుగానూ, ఆయన భగవద్గీత ఎల్పీగానూ తెలుగు ఇళ్ళకు చేరాయి. ఈ రెండు జాతుల రికార్డులను వేర్వేరుగా చూడవలసిన అవసరమేమిటో గాడి నిర్మాణం తెలియజేస్తుంది.

గాడి స్వరూపం

ఎల్పీ మీద వలయాలుగా కనిపించే గీతలన్నీ నిజానికి అంచు నుంచి లోపలికి సాగే ఒకే గాడి. 20 నిమిషాల పక్కలో అది సుమారు 670 చుట్లు తిరుగుతుంది. దాన్ని విప్పి సాగదీస్తే 400 మీటర్లు దాటుతుంది. దాని వెడల్పు సుమారు 50 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. స్టీరియో రికార్డులో గాడి గోడలు రెండూ 45 డిగ్రీల వాలుతో ఉండి, కేంద్రం వైపు గోడ ఎడమ స్పీకరు ధ్వనిని, అంచు వైపు గోడ కుడి స్పీకరు ధ్వనిని మోస్తాయి. ఒకే గాడిలో రెండు ధ్వనులను నమోదు చేసే ఈ పద్ధతికి ఇంగ్లండు ఇంజనీరు అలన్ బ్లమ్‌లైన్ 1931లోనే పేటెంటు కోరినా, స్టీరియో ఎల్పీలు 1958 నాటికి గాని మార్కెట్లో స్థిరపడలేదు.

పళ్ళెం వేగం మారకపోయినా ముల్లు కింద గాడి కదిలే వేగం మాత్రం మారుతూ ఉంటుంది. అంచు దగ్గర సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు పరుగెత్తే గాడి, చివరి పాట దగ్గరికి వచ్చేసరికి 21 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ఒక సెకను ధ్వని అంత తక్కువ పొడవులో ఇరుక్కోవడం వల్ల హెచ్చు స్థాయి స్వరాల వంపులు బాగా దగ్గర పడి, ముల్లు వాటిని అనుసరించడం కష్టమవుతుంది. పక్క చివరి పాటల్లో ‘స’కార ‘శ’కారాలు గరగరలాడడానికి ముఖ్య కారణం ఇదే.

మంద్రధ్వనులను ఉన్నవి ఉన్నట్టుగా చెక్కితే వంపులు మరీ పెద్దవై పక్క చుట్టులోకి చొరబడతాయి. అందుకని చెక్కేటప్పుడు మంద్రాన్ని తగ్గించి తారధ్వనులను పెంచుతారు. వినేటప్పుడు యాంప్లిఫయరు దీనికి సరిగ్గా విరుద్ధంగా పనిచేసి అసలు పాళ్ళను నిలబెడుతుంది. 1954 ప్రాంతంలో స్థిరపడిన ఈ ప్రమాణాన్ని ఆర్.ఐ.ఎ.ఎ. వక్రరేఖ అంటారు. అయస్కాంతంతో పనిచేసే కార్ట్రిడ్జి, అంటే ముల్లును పట్టి ఉంచే భాగం, కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తునే పుట్టిస్తుంది కాబట్టి, ఫోనో ప్రీయాంప్ అనే పరికరం ఆ విద్యుత్తును పెంచడంతోపాటు ఈ దిద్దుబాటునూ చేస్తుంది. అది లేకుండా నేరుగా యాంప్లిఫయరుకు కలిపితే పాట బలహీనంగా, మంద్రం లేక పలచగా వినిపిస్తుంది.

పళ్ళెం తిరిగే తీరు

వినేటప్పుడు మంద్రాన్ని పెంచడం వల్ల మోటారు అదురు కూడా పెరిగి వినిపిస్తుంది. దీన్నే రంబుల్ అంటారు. టర్న్‌టేబుళ్ళ చరిత్ర చాలావరకు ఈ అదురును అణచే ప్రయత్నమే. 1950లలో పేరుపొందిన బ్రిటిష్ గారార్డ్ 301 వంటి వాటిలో మోటారు బలాన్ని రబ్బరు చక్రం పళ్ళేనికి అందిస్తుంది. ఆ చక్రం ఏళ్ళతరబడి ఒకేచోట నొక్కుకుని ఉంటే అక్కడ చదునై, తిరిగినప్పుడల్లా దబ్‌మని చప్పుడు చేస్తుంది. 1961 నాటి అమెరికన్ ఎ.ఆర్. యంత్రం బెల్టును, స్ప్రింగులపై వేలాడే పళ్ళేన్ని వాడి అదురును దూరం చేసింది. జపాను సంస్థ టెక్నిక్స్ 1970 ప్రాంతంలో పళ్ళేన్ని నేరుగా మోటారు ఇరుసు మీదనే నిలిపింది.

పాత యంత్రాల్లో చాలావరకు మోటారు వేగం కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి ఉంటుంది. అమెరికాలో అది 60 హెర్ట్జ్, భారతదేశంలో 50. అమెరికా నుంచి తెచ్చిన అలాంటి యంత్రానికి వోల్టేజి సరిచేసినా, కప్పీ మార్చకపోతే అది 33⅓కు బదులు సుమారు 28 చుట్లే తిరుగుతుంది. శ్రుతి దాదాపు మూడు స్వరస్థానాలు దిగిపోతుంది. వేగాన్ని సరిచూడడానికి స్ట్రోబ్ బిళ్ళ అనే సులువైన సాధనం ఉంది. భారతదేశపు కరెంటుతో వెలిగే నియాన్ దీపం సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, ఎల్పీ ఒక చుట్టుకు 1.8 సెకన్లు తీసుకుంటుంది. కాబట్టి 180 గీతలున్న వలయం ఆ వెలుగులో నిలిచి ఉన్నట్టు కనిపిస్తే వేగం సరిపోయినట్టే.

ముల్లు, మన్నిక

ఎల్పీ ముల్లు మొన వ్యాసార్ధం సుమారు 18 మైక్రాన్లు, 78 రికార్డు ముల్లుది సుమారు 75. ఎల్పీ ముల్లుతో 78 రికార్డు వేస్తే అది గోడలను తాకకుండా అడుగున ఉన్న దుమ్ములో నడిచి బుస్సుమంటుంది. పాత ఉక్కు ముల్లును ఎల్పీ మీద పెడితే గాడే నాశనమవుతుంది. ముల్లు బరువు సాధారణంగా 1.5 నుంచి 2 గ్రాములే అయినా, అది గాడిని తాకే చోటు అత్యల్పం కాబట్టి అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు టన్నులలో ఉంటుంది. బరువు మరీ తగ్గిస్తే ముల్లు ఎగిరెగిరి పడి ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. కనుక తయారీదారు చెప్పిన బరువును చిన్న తూకంతో సరిచూడడం, అరిగిన ముల్లును మార్చడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పనులు.

శుభ్రం చేసే పద్ధతి కూడా పదార్థాన్ని బట్టే ఉంటుంది. వడ్రంగులు లక్కను స్పిరిట్‌లో కరిగించి చెక్కకు పాలిష్ పెడతారు; అదే స్పిరిట్ 78 రికార్డు గాడిని కూడా కరిగించివేస్తుంది. 78 రికార్డును కొద్దిగా తేలికపాటి సబ్బు కలిపిన నీటితో గాడి వెంట తుడిచి, లేబుల్ తడవకుండా వెంటనే ఆరబెట్టడం సరిపోతుంది. వినైల్‌కు శత్రువు వేడి: రోహిణి కార్తెలో ఎండన నిలిపిన కారులో వదిలేసిన ఎల్పీ వంకరపోతుంది. తీరప్రాంతపు తేమకు కవర్లలో బూజు చేరుతుంది కాబట్టి, గాలి తగిలే చోట రికార్డులను ఒకదానిపై ఒకటి పేర్చకుండా నిలువుగా ఉంచాలి.

78 రికార్డులకెక్కిన తెలుగు నాటకపద్యాలు, హరికథలు, తొలినాటి పాటలు అన్నీ క్యాసెట్లుగానో సీడీలుగానో తిరిగి వెలువడలేదు. కనుక ఇంట్లో పాత రికార్డులున్నవారు వాటిని తూకానికి అమ్మేయకుండా, తగిన ముల్లుతో, సరైన వేగంతో ఒక్కసారైనా కంప్యూటరులోకి ఎక్కించాలి; ఆ పని తమకు చేతకాకపోతే తెలిసినవారికి అప్పగించాలి.