పాట కోసం ఆగే యంత్రం

పశ్చిమ గోదావరి జిల్లాలో, నరసాపురం పక్కన మొగల్తూరు అనే ఊరున్నది. సినిమా నటులు కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరు అంటే మీకు వెంటనే తెలుస్తుంది. ఆ ఊరి బడిలో వార్షికోత్సవం జరుగుతున్నదనుకుందాం.

ఎనిమిదో తరగతి అమ్మాయి పాట పాడుతున్నది. వెనక వాద్యాలు లేవు. ముందుగా రికార్డు చేసిన వాద్యాలను పెన్‌డ్రైవులో నుంచి మోగిస్తున్నారు. రెండో చరణం దగ్గర ఆ పిల్ల మాట మరచి ఆగింది. రికార్డు ఆగదు గదా! ఆమెకు మాట జ్ఞాపకం వచ్చేసరికి చరణం సగం నడిచిపోయింది. ఎక్కడ అందుకోవాలో తెలియక పాపం, ఏడుపు ముఖంతో వేదిక దిగింది.

అదే హార్మోనియం మేష్టారు పక్కన ఉంటే ఏం చేసేవారు? ఆ వరసనే మరి రెండుసార్లు వాయించి, "ఊఁ, అందుకో అమ్మా" అన్నట్టు తల ఊపేవారు. సభలో ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. మేష్టారు చేసే ఈ పని కంప్యూటరు చేత చేయించవచ్చునా? చేయించవచ్చును. ఎట్లాగో చూడండి.

బెర్లిన్ నగరంలో తయారైన ఏబుల్టన్ లైవ్ అనే సాఫ్ట్‌వేరు 2001లో బయటికి వచ్చింది. దాన్ని తెరిస్తే గళ్ళ నుడికట్టు లాంటిది కనిపిస్తుంది. ఒక్కొక్క నిలువు వరస ఒక వాద్యానికి: తంబురా, వేణువు, తబలా, తాళాలు. ఒక్కొక్క అడ్డు వరస పాటలో ఒక భాగానికి: పల్లవి, మొదటి చరణం, రెండో చరణం. ఒక్కొక్క గడిలో చిన్న సంగీతపు ముక్క ఉంటుంది. గడిని నొక్కితే ఆ ముక్క మోగుతుంది. అయిపోగానే మళ్ళీ మొదటికి వస్తుంది. మీరు వేరే గడి నొక్కేదాకా అదే తిరుగుతూ ఉంటుంది. అంటే, పాడే పిల్ల సిద్ధపడేవరకు యంత్రం ఆగుతుందన్నమాట!

"సమయానికి సరిగ్గా నొక్కకపోతే తాళం తప్పదా?" అని మీకు అనుమానం రావచ్చు. తప్పదు. ఆది తాళానికి 8 దెబ్బలు గదా? ఆ 8 దెబ్బలకు ఒకసారే గడి మారేటట్టు ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. నిమిషానికి 80 దెబ్బల వేగమైతే ఒక ఆవర్తనానికి 6 సెకనులు పడుతుంది. ఆ 6 సెకనులలో మీరు ఎప్పుడు నొక్కినా, కొత్త ముక్క తరవాతి ఆవర్తనం మొదటి దెబ్బకే అందుకుంటుంది.

ఇక మీరు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి.

మొదట పాడేవారి శ్రుతి కనుక్కోండి. యంత్రం శ్రుతిని అరమెట్టు చొప్పున పైకీ కిందికీ జరపవచ్చు. గొంతును జరపటం కష్టం.

వేగాన్ని కూడా పాడేవారినే అడగండి. భజనలో వేగం క్రమంగా హెచ్చుతుంది. యంత్రానికి ఆ సంగతి తెలియదు. వేలితో తాళం వేస్తే ఆ వేగాన్ని పట్టుకునే మీట ఒకటి ఉంటుంది. దానిని వాడటం అలవాటు చేసుకోండి.

గళ్ళన్నీ నింపవద్దు. మృదంగం వాయించే స్నేహితుడు ఉంటే తబలా వరస ఖాళీగా వదలండి. ఆ పని అతనిది.

ఇంకొక చిక్కున్నది. కంప్యూటరు సాధారణంగా శబ్దాన్ని సెకనుకు 44,100 తునకలుగా లెక్కిస్తుంది. వాటిని గుత్తులుగా కూర్చి స్పీకరుకు పంపుతుంది. గుత్తికి 512 తునకలైతే సెకనులో 86వ వంతు ఆలస్యమవుతుంది. 4 మీటర్ల దూరాన కొట్టిన డోలు శబ్దం మీ చెవిని చేరటానికి ఇంతే కాలం పడుతుంది, ఫరవాలేదు. గుత్తికి 2,048 అయితే డోలు 16 మీటర్ల అవతలికి పోయినట్టే! అప్పుడు మీట నొక్కి వాయించేవారికి తాళం కుదరదు. ఈ గుత్తిని బఫర్ అంటారు, చిన్నదిగా పెట్టుకోండి. మరీ చిన్నదైతే శబ్దం చిటపటలాడుతుంది. బ్లూటూత్ స్పీకరు ఇంకా ఆలస్యం చేస్తుంది, కనుక తీగ ఉన్న స్పీకరే మంచిది.

సాఫ్ట్‌వేరు కొనటానికి డబ్బు లేదా? సోనిక్ పై అనేది ఉచితంగా దొరుకుతుంది. కేంబ్రిడ్జిలో శామ్ ఆరన్ అనే ఆయన బడిపిల్లల కోసమే దాన్ని మొదలుపెట్టాడు. అందులో గళ్ళకు బదులు చిన్న చిన్న పంక్తులు రాయాలి. పాట నడుస్తూ ఉండగానే ఆ పంక్తులను మార్చవచ్చును.

విదేశపు యంత్రం మన పాటకు లొంగుతుందా అంటారేమో! మొగల్తూరుకు దగ్గరలోనే పాలకొల్లు ఉన్నది. మాండొలిన్ శ్రీనివాస్ 1969లో అక్కడ పుట్టాడు. మామూలు మాండొలిన్‌కు 4 జతల తీగలుంటవి. దాని మీద గమకాలు పలకటం కష్టం. ఆయన విద్యుత్ మాండొలిన్ తీసుకుని, జతలకు బదులు 5 ఒంటి తీగలు కట్టించాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో ఆ వాద్యం మీదనే మన కర్ణాటక సంగీతం వినిపించాడు. వాద్యం కోసం ఆయన పాటను మార్చలేదు. పాట కోసం వాద్యాన్ని మార్చాడు. మీరు కంప్యూటరు దగ్గర కూర్చున్నప్పుడు ఈ మాట మరవకండి.

వార్షికోత్సవానికి ముందు ఒక పరీక్ష చేయండి. పాడే స్నేహితురాలిని మీకు చెప్పకుండా ఎక్కడో ఒకచోట ఆగిపొమ్మనండి. మీ కళ్ళు కంప్యూటరు తెర మీద ఉంటే ఆ సంగతి మీకు ఆలస్యంగా తెలుస్తుంది. ఆమె ముఖం మీద ఉంటే వెంటనే తెలుస్తుంది. ఆమె మళ్ళీ అందుకునేవరకు పల్లవి గడిని తిరగనివ్వండి. వినేవారిలో ఒక్కరు కూడా ఆమె ఆగిందని పసికట్టకపోతే మీరు నెగ్గినట్టే!