సెకనులో అరవయ్యో వంతు

స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ లాంటి ఫైటింగ్ గేముల్లో కాలాన్ని ఫ్రేముల్లో లెక్కగడతారు. సెకనుకు 60 ఫ్రేములు, ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. స్ట్రీట్ ఫైటర్ 6లో ర్యూ అనే పాత్ర విసిరే చిన్న పంచ్ నాలుగో ఫ్రేముకే తగులుతుంది. కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది. కాబట్టి ఆ పంచ్‌ను చూసి ఆపడం ఎవరివల్లా కాదు, ముందే పసిగట్టాలి. 20 ఫ్రేములు దాటిన నెమ్మది దెబ్బనైతే చూసి ఆపొచ్చు. ఆట మొత్తం ఈ తేడా మీదే నడుస్తుంది.

ఇప్పుడు నెట్ మధ్యలోకి వచ్చి ఆరు ఫ్రేములు ఆలస్యం చేసిందనుకోండి. చూసి ఆపగల దెబ్బ కాస్తా ఆపలేని దెబ్బ అయిపోతుంది. గేము రాసినవాళ్లు ముట్టుకోకుండానే నియమాలు మారిపోయాయి. నెట్ నాణ్యతను సౌకర్యాల లెక్కలో వేయడం తప్పని నేననేది అందుకే. అది ఆటలో భాగం.

ఆలస్యాన్ని పూర్తిగా పోగొట్టలేం. ఫైబర్‌లో కాంతి వేగం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి సింగపూర్‌కు గీత గీసినట్టు కేబుల్ వేసినా దూరం సుమారు 3,300 కిలోమీటర్లు. ఒకవైపు ప్రయాణానికే ఒక ఫ్రేము ఖర్చు. అసలు కేబుళ్లు అంత తిన్నగా ఉండవు, దారిలో రౌటర్లూ ఉంటాయి.

ఈ గేముల్లో రెండు మెషీన్లూ ఒకదానికొకటి పంపుకునేది బొమ్మను కాదు, బటన్ నొక్కుళ్లను. పాత పద్ధతిలో అవతలి నొక్కుడు అందేదాకా ఆట ముందుకు కదలదు. ఆ ఆలస్యం ఎప్పుడూ ఒకేలా ఉంటే చేయి అలవాటు పడుతుంది. వై-ఫైలోలాగా క్షణక్షణానికీ మారితే మాత్రం నెలల తరబడి సాధన చేసిన కాంబో (వరుస దెబ్బలు) కూడా తెగిపోతుంది.

2006లో ఎక్స్‌బాక్స్ 360 మీద ఆన్‌లైన్‌లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 ఆడి నిరాశపడ్డ టోనీ కానన్ (ఈవో టోర్నమెంట్ వ్యవస్థాపకుల్లో ఒకరు) జీజీపీవో అనే పద్ధతి తయారుచేశాడు. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. ఇందులో మెషీన్ ఆగదు, ఊహిస్తుంది. అవతలివాడు పోయిన ఫ్రేములో ఏం నొక్కి ఉంచాడో ఇప్పుడూ అదే నొక్కి ఉంటాడనుకుని ఆటను నడిపిస్తుంది. ఎంత చురుకైన చేయైనా ప్రతి ఫ్రేముకూ బటన్ మార్చలేదు కదా, అందుకే ఈ ఊహ చాలాసార్లు నిజమవుతుంది. తప్పితే మెషీన్ దాచుకున్న పాత స్థితికి వెనక్కి వెళ్లి, అసలు నొక్కుడుతో ఆ ఫ్రేములన్నీ మళ్లీ లెక్కకట్టి, సరైన బొమ్మ చూపిస్తుంది. ఇదంతా ఒక్క ఫ్రేము వ్యవధిలోనే ముగియాలి. అవతలివాడు దెబ్బకు చేయెత్తే మొదటి ఒకటి రెండు ఫ్రేములు ఎగిరిపోతాయి గానీ కన్ను దాన్ని పెద్దగా పట్టుకోదు. మన బటన్‌కు మాత్రం తెర వెంటనే పలుకుతుంది. దూరం మరీ ఎక్కువైతే ఇదీ చాలదు, ప్రత్యర్థి ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలుతుంటాడు.

2020లో కోవిడ్ టోర్నమెంట్లను మూయించి అందరినీ నెట్‌లోకి నెట్టినప్పుడు రోల్‌బ్యాక్ విలువ అందరికీ తెలిసొచ్చింది. 2001 నాటి స్మాష్ బ్రదర్స్ మెలీ గేముకు అభిమానులే 2020లో స్లిప్పీ అనే ప్రాజెక్టు ద్వారా రోల్‌బ్యాక్ జోడించారు. మరుసటి ఏడాది గిల్టీ గేర్ స్ట్రైవ్ అనే ఫైటింగ్ గేము రోల్‌బ్యాక్‌తోనే విడుదలైంది.

2019లో జపాన్‌లోనూ లాస్ వేగాస్‌లోనూ ఈవో టెక్కెన్ టైటిళ్లు గెలిచిన అర్స్‌లాన్ ఆష్‌ది లాహోర్. ఊళ్లోనే ఎదురెదురుగా కూర్చుని ఆడే గట్టి ప్రత్యర్థులు అతనికి దొరికారు. అలాంటివాళ్లు లేని ఊళ్లో పెరిగే ఆటగాడికి ప్రత్యర్థి దొరికేది నెట్‌లోనే. గేము కంపెనీలు రోల్‌బ్యాక్ ఇవ్వాలి, అవతలివాడు వై-ఫై మీదున్నాడో కేబుల్ మీదున్నాడో ఆటకు ముందే చూపాలి. ఆటగాడి వంతుకు మిగిలేది రౌటర్ నుంచి మెషీన్ దాకా ఒక ల్యాన్ కేబుల్ లాగడం.