విమానం దిగే వేళ కబుర్లు వద్దు

2008లో దేవనహళ్ళి విమానాశ్రయం మొదలైనప్పటి నుంచి చిక్కబళ్ళాపురం, చింతామణి, బాగేపల్లి వైపు మనకు విమానం వింత కాదు. పిల్లలను దూరదేశాలకు సాగనంపి, మళ్ళీ వారి రాక కోసం ఎదురుచూసే ఇళ్ళు మన ఊళ్ళలోనూ ఉన్నాయి. ఆ విమానం పైకి లేచేటప్పుడు, కిందికి దిగేటప్పుడు పైలట్లు పాటించవలసిన ఒక నియమం గురించి ఈనాడు చెప్పుకుందాం.

బస్సులో డ్రైవరుతో మాట్లాడరాదని రాసి ఉంటుంది కదా! విమానంలోనూ అలాంటి కట్టుబాటే ఉంది. దాన్ని స్టెరైల్ కాక్‌పిట్ నియమం అంటారు. స్టెరైల్ అంటే శుభ్రం చేసినది అని అర్థం. ఆపరేషన్ గదిలోకి మురికి రానివ్వనట్లే, ఆ సమయంలో పైలట్ల గదిలోకి పనికిరాని మాట రానివ్వరు.

ఈ నియమం ఊరికే రాలేదు. 1974 సెప్టెంబర్ 11న అమెరికాలోని షార్లెట్ నగరం దగ్గర, పొగమంచులో దిగుతున్న విమానం రన్‌వే చేరకముందే కూలిపోయింది. అందులోని 82 మందిలో 70 మందికి పైగా మరణించారు. పైలట్ల గదిలోని రికార్డరు వింటే ఏం తేలింది? దిగే ముందు వారు రాజకీయాలు, పాత కార్ల సంగతులు మాట్లాడుకుంటున్నారు. ఎత్తు తగ్గిపోతున్న సంగతి గమనించలేదు. చివరకు 1981లో అమెరికా ప్రభుత్వం ఈ నియమం చేసింది. తరువాత మన దేశంతో సహా అనేక దేశాల్లో ఇది వాడుకలోకి వచ్చింది.

నేల మీద విమానం కదులుతున్నప్పుడు, లేచేటప్పుడు, దిగేటప్పుడు, మామూలుగా 10,000 అడుగుల కన్న తక్కువ ఎత్తులో ఉన్నంతసేపు ఇది వర్తిస్తుంది. మన నంది కొండ సముద్రమట్టానికి సుమారు 4,850 అడుగులు. దానికి రెట్టింపు అనుకోండి. ఆ సమయంలో పైలట్లు తినరాదు, పత్రిక చదవరాదు, కబుర్లాడరాదు. ఎయిర్ హోస్టెస్‌లు కూడా చిన్న పనులకు వారిని పిలవరాదు.

చివరి నిమిషంలో చూపు తప్పితే ఏమవుతుందో బెంగళూరుకు తెలుసు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయి నుంచి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వేకి ముందే గోల్ఫ్ మైదానంలో నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు. అక్కడ కారణం కబుర్లు కాదు. వేగం పడిపోతున్న సంగతి పైలట్లు ఆలస్యంగా గుర్తించారు. తేరుకునేందుకు వ్యవధి లేకపోయింది.

అయితే మౌనమంటే నోరు కట్టుకోవడం కాదు. అవసరమైన మాట చెప్పి తీరాలి, విని తీరాలి. 2010 మే 22న మంగళూరులో విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది మరణించారు. దిగవద్దు, మళ్ళీ పైకి లేపమని కో పైలట్ చెప్పినా కెప్టెన్ వినలేదని విచారణలో తేలింది.

కనుక శ్రోతలారా, మీరు విమానమెక్కితే ఆ కొద్ది నిమిషాలు బెల్టు పెట్టుకొని కూర్చోండి. నీళ్ళు, టీ తరువాత అడగవచ్చు. పొగో, మంటో కనబడితే మాత్రం వెంటనే సిబ్బందికి చెప్పండి. ట్రాక్టరు నడిపేవారికీ, రాత్రివేళ హైదరాబాదు రోడ్డు మీద లారీ తోలేవారికీ ఈ పాఠం వర్తిస్తుంది. చేయి స్టీరింగు మీద ఉన్నప్పుడు సెల్‌ఫోను మోగితే మోగనివ్వండి. బండి పక్కకు ఆపి మాట్లాడవచ్చు.