చేవ ఉన్న చెక్క

మాఘం దాటిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల కల్లాలన్నీ పసుపుతో నిండిపోతాయి. ఉడకబెట్టి, ఎండబోసి, డ్రమ్ములో తిప్పి నిజామాబాద్ యార్డుకు తోలేలోపు రైతు ఎన్నిసార్లు కొమ్మును చేత్తో విరిచి చూస్తాడో లెక్కలేదు. టప్పుమని విరిగితే ఎండినట్టు. వంగితే ఇంకో నాలుగు రోజులు కల్లంలోనే ఉండాలి. తేమ పది శాతం దగ్గరికి దిగని సరుకుకు ధర రాదని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసు. అదే రైతు ఆ పసుపు డబ్బులతో కొత్తింటికి దర్వాజ తెద్దామని టింబర్ డిపోకు వెళ్తాడు. అక్కడ రంగు చూస్తాడు, రేటు అడుగుతాడు, తేమ మాట మాత్రం ఎత్తడు. వానాకాలంలో బిగించిన తలుపు ఎండాకాలానికి సందులిస్తుంది. మళ్లీ వానలు పడగానే ఉబ్బి కడపకు రాసుకుంటుంది. తిట్లన్నీ వడ్లాయనకు!

కొమ్ముకు చేసే పరీక్ష కర్రకూ చేస్తే సగం గొడవ తీరుతుంది. సొంతంగా ఇంట్లో పీటో, పుస్తకాల అల్మారో, దేవుడి మందిరమో చేసుకుందామనుకునేవాళ్లకైతే ఇది మరీ అవసరం. దుబాయ్‌లో, మస్కట్‌లో షటరింగ్ కార్పెంటర్లుగా చేసి వచ్చినవాళ్లు ఈ ప్రాంతంలో తక్కువేం కాదు. వాళ్లకు టేపు, గునియా, రంపం కొత్త కాదు. కాకపోతే అక్కడ వాళ్ల చేతుల్లో నలిగింది కాంక్రీటుకు అచ్చు కట్టే ప్లైవుడ్డు. అచ్చు విప్పగానే దాని పని అయిపోతుంది. ఇంట్లో పెట్టుకునే కర్ర అలా కాదు, ఏళ్ల తరబడి ఒళ్లు విరుచుకుంటూనే ఉంటుంది.

చెట్టు నుంచి కోసిన పచ్చి కర్రలో ముందు పోయేది కణాల ఖాళీల్లోని నీరు. ఆ దశలో బరువు తగ్గుతుంది కానీ కొలత మారదు. తేమ ముప్పై శాతం కంటే కిందికి దిగాక అసలు కుంచించుకోవడం మొదలవుతుంది. అదీ అన్ని వైపులా సమానంగా ఉండదు. వలయాల వెంట కుంచించుకునేది, చెట్టు నడిమి నుంచి బెరడు వైపు కుంచించుకునేదానికి దాదాపు రెట్టింపు. అందుకే పలక దొప్పలా వంగుతుంది. మామూలు కోతలో తీసిన అడుగు వెడల్పు పచ్చి టేకు పలక పన్నెండు శాతం తేమకు ఆరేసరికి అర అంగుళానికి కాస్త తక్కువ వెడల్పు పోగొట్టుకుంటుంది. కదలిక తక్కువని పేరున్న టేకు సంగతే ఇది. నీడలో, గాలి ఆడేలా బద్దలు పెట్టి పేరిస్తే అంగుళం మందానికి సుమారు ఏడాది పడుతుందని పాత లెక్క. తేమ కొలిచే మీటరు లేకపోయినా ఫర్వాలేదు. చిన్న ముక్క కోసి తూచి, ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఆరబెట్టి మళ్లీ తూచండి. 112 గ్రాములది 100కు వస్తే తేమ 12 శాతం. అంత ఓపిక లేదంటే పలకనే ఇంట్లో పెట్టి వారానికోసారి తూచండి. బరువు దిగడం ఆగాకే రంపం పట్టండి.

ఇక కర్ర ఎక్కడ దొరుకుతుంది? చోటు విషయంలో ఆర్మూర్ అదృష్టం మంచిదే. 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళ్తే గోదావరి అవతల నిర్మల్, దానికి తూర్పున ఖానాపూర్, జన్నారం, కవ్వాల్ అడవులు. టేకుకు పేరుపడ్డ నేల. ఆ పేరే చిక్కు తెచ్చింది కూడా. డిపోలో ప్రతి దుంగా "అసల్ నిర్మల్ టేకు సార్" అయిపోతుంది. తెలుగు ఊళ్లలో ఇప్పుడు అమ్మే టేకులో చాలా భాగం సముద్రం దాటి వచ్చింది. సూడాన్ టేకు, ఘనా టేకు అని డిపోవాళ్లే పిలుస్తారు. బర్మా ప్రభుత్వం 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతి ఆపేశాక ఆఫ్రికా తోటల టేకుకు గిరాకీ ఇంకా పెరిగింది. దేశవాళీలో పేరున్నది మన రాష్ట్ర సరిహద్దు అవతలి బల్లార్షా సరుకు. అయోధ్య రామమందిరం తలుపులకు వెళ్లింది అదే కర్ర, వాటిని తయారుచేసింది హైదరాబాద్ సంస్థ.

చౌకగా రాత్రిపూట వచ్చే చెక్క మరొకటుంది. దాని గురించి ఒక్క మాట చాలు: కవ్వాల్ 2012 నుంచి పులుల అభయారణ్యం, బిల్లూ రవాణా అనుమతీ లేని కర్ర దొరికితే అటవీశాఖ పట్టుకుపోతుంది, కేసు కొన్నవాడి మెడకూ చుట్టుకుంటుంది. సొంత పొలం గట్టు మీది టేకు కొట్టాలన్నా, చెట్ల నరికివేతను నియంత్రించే వాల్టా చట్టం కింద అనుమతి కావాలి.

గట్టు టేకు మీద ఒక అపోహ ఉంది. త్వరగా పెరిగింది కాబట్టి బలం ఉండదంటారు. బలం అంతగా తగ్గదు, తగ్గేది చేవ. ఇరవై ఏళ్ల చెట్టును అడ్డంగా కోస్తే నడుమ గోధుమరంగు చేవ కొంతే ఉంటుంది, చుట్టూ తెల్లటి లేత చెక్క మందంగా కనిపిస్తుంది. చెదలూ పురుగూ ముందు పట్టేది ఆ తెల్లదాన్నే. కాబట్టి డిపోలో పలక ముఖం కాదు, దాని కొస చూడండి. తెలుపు ఎంత, చేవ ఎంత, చెట్టు నడిబొడ్డు పలకలోకి వచ్చిందా అన్నది అక్కడే తెలుస్తుంది. నడిబొడ్డు ఉన్న పలక ఇవాళ కాకపోతే రేపు పగులుతుంది. రంగు పూసినట్టు అనుమానమొస్తే మూలకు రందా కొట్టించండి. టేకైతే చేతికి కాస్త జిడ్డు తగులుతుంది, తోలులాంటి వాసన వస్తుంది.

కొలత లెక్క కూడా చేతిలో ఉండాలి. 5×3 అంగుళాల కర్ర ఏడడుగులుంటే మూడింటినీ గుణించి 144తో భాగించాలి, 0.73 ఘనపుటడుగు. దుంగకు పద్ధతి వేరు: చుట్టుకొలతలో నాలుగోవంతును దానితోనే గుణించి, పొడవుతో హెచ్చించి, అలాగే 144తో భాగిస్తారు. 48 అంగుళాల చుట్టు, ఆరడుగుల పొడవుంటే కాగితం మీద ఆరు ఘనపుటడుగులు. నిజానికి ఆ దుంగలో 7.6 ఉంటుంది. కొనేవాడు మురిసిపోనక్కర్లేదు, కోత మిషన్ దగ్గర పొట్టుగా, అంచు చెక్కలుగా పోయేది అంతకు తక్కువుండదు.

నన్నడిగితే ఈ ప్రాంతంలో ఇంటి వడ్రంగానికి అన్నిటికన్నా మంచి సరుకు డిపోలో లేదు, కూలుస్తున్న పెంకుటిళ్లలో ఉంది. స్లాబు ఇల్లు కడదామని పాతది విప్పినప్పుడు మొగురాలు, దూలాలు, దంతెలు, దర్వాజలు బయటపడతాయి. పొగచూరి, నల్లబడి, సుద్ద మరకలతో అసహ్యంగా కనిపిస్తాయి కాబట్టి కట్టెల లెక్కన పోతుంటాయి. ఒక వేలెడు జాగాలో రందా ఆడిస్తే లోపల తేనె రంగు. దశాబ్దాల ఎండావానా చూసిన కర్ర అది, ఆరాల్సినదంతా ఎప్పుడో ఆరిపోయింది, ఇక పెద్దగా కదలదు. వారం వారం కడిగి పసుపు రాసిన కడప ఇంకా గట్టిగా ఉందంటే దానికి మించిన పూచీకత్తు ఏ దుకాణం ఇస్తుంది? చూడాల్సినవి రెండే. మొగురం పాదం, గోడలో దిగిన దూలం కొస చెదపట్టి బోలుగా ఉండొచ్చు, సుత్తెతో తట్టి చప్పుడు వినాలి. రెండోది మేకులు: అయస్కాంతం ఆడించకుండా కోత మిషన్‌కు ఇస్తే పళ్లు పోతాయి, మిషన్ యజమాని మళ్లీ గడప తొక్కనివ్వడు. పాత కలపైనా దూరం తరలించేటట్టుంటే అటవీ అధికారిని ముందే అడగడం మేలు.

టేకే కావాలని లేదు. పాతకాలం బండి చక్రాలూ నాగళ్లూ నల్లతుమ్మవే. నల్లమద్ది బరువు, గట్టిదనం, దూలాలకు పనికొస్తుంది. డబ్బు చాలనివాళ్లు యాప దర్వాజ పెట్టుకోవడం ఇక్కడ మామూలే, కాకపోతే యాప మెలి తిరుగుతుంది కాబట్టి బాగా ఆరనివ్వాలి. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి దూదంత తేలిక. దాన్ని బొమ్మలకే వదిలేద్దాం.

మొదటి పనికి పీటను మించింది లేదు. పైపలక ఒక్కటే వస్తే మంచిది, లేదంటే రెండు అతకాలి. అడుగున అడ్డబద్దలను మొత్తం బంకతో అంటించకండి. నడుమ ఒక స్క్రూ గట్టిగా బిగించి, అటూ ఇటూ ఉండే స్క్రూలకు బెజ్జాలు కోలగా తొలవాలి. అప్పుడే పలక వానకు ఉబ్బినా, ఎండకు ముడుచుకున్నా పగలదు. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికే ముఖాలను థిన్నర్‌తో తుడిచి, ఆరిన వెంటనే బంక రాయాలి. అందులో ఇసుకలాంటి సిలికా కూడా ఉంటుంది కాబట్టి ఉలి పదును తొందరగా పోతుంది. సానరాయిని చేతికందే దూరంలో పెట్టుకునే పని మొదలుపెట్టండి.